బొటనవేలి పక్కన బెజ్జం

జపాను వాళ్ళ చెక్క చెప్పులకు కుడీ ఎడమా తేడా ఉండదన్న సంగతి పర్సిస్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదో లేదో అనుమానమే. ఆమె దృష్టిలో కాలికి బొటనవేలంటూ ఉన్నంతకాలం చెప్పుకు కుడీ ఎడమా ఉండి తీరాలి.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఆమె ఫార్మసీ నుంచి ఇల్లు చేరేసరికి, కూతురు క్రిస్టినా డైనింగ్ టేబుల్ మీద సామాను పరిచి కూర్చుంది. డాలర్ షాపులో దొరికే పల్చటి చెక్కపలకలు రెండు, అవి పేర్లు రాసి తలుపులకు తగిలించుకునే రకం. పిల్లలు గోపురంలా పేర్చి ఆడుకునే చెక్కముక్కల డబ్బా ఒకటి. తెల్ల జిగురు సీసా, పాత టీషర్టు, అరగజం ఎర్రగుడ్డ. పర్సిస్ బూట్లు విప్పి కుర్చీలో కూలబడింది. కౌంటర్ వెనక ఎనిమిది గంటలు నిలబడి మందులు లెక్కపెట్టిన కాళ్ళు అవి. వేడినీళ్ళలో ఉప్పేసుకుని పావుగంట ముంచుకుందామని దారంతా అనుకుంటూ వచ్చింది. ఆ ముచ్చట తీరేలా లేదు.

"అమ్మా, గెటా టుడే చేయాలి. సాటర్‌డే నిధి వాళ్ళింట్లో ప్రాక్టీస్ ఉంది," అంది క్రిస్టినా.

గెటా అంటే అవే, జపాను చెక్క చెప్పులు. పై శుక్రవారం స్కూల్లో ఇంటర్నేషనల్ నైట్. ఏడో క్లాసులో జపనీస్ నేర్చుకునే ఆరుగురు ఆడపిల్లలు డాన్స్ చేస్తారు. కిమోనోలు అద్దెకు వచ్చాయి కానీ చెప్పులు దొరకలేదు. పిల్లల డాన్సుకు పెద్దదిక్కు నిధి వాళ్ళమ్మ నమ్రత. ఇంట్లోనే చేసేయొచ్చంటూ ఆవిడ తల్లులందరికీ ఒక వీడియో పంపించింది. పర్సిస్ ఆ వీడియో సగం చూసి ఆపేసింది. పలక కింద రెండు దిమ్మలు అతికించాలి, పైన ఒక పట్టీ బిగించాలి. అంతేగదా.

ఆమె చెక్కముక్కలను మూడేసి చొప్పున జిగురుతో కలిపి దిమ్మలు కట్టింది. పలక అడుగున కాస్త ముందుకొకటి, మడమ కిందికొకటి ఆనించింది. బిగించి ఉంచే సాధనాలేవీ ఇంట్లో లేవు. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తాను స్టోర్‌రూములోంచి ఈడ్చుకొచ్చి రెండు పలకల మీదా పడుకోబెట్టింది. తల్లి పనితనానికి క్రిస్టినా నవ్వింది. పర్సిస్ నవ్వలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

జిగురు పట్టేలోపు పట్టీ పని పెట్టుకుంది. టీషర్టును సన్నగా చీల్చి జడలా పేని, దాని చుట్టూ ఎర్రగుడ్డ చుట్టి కుట్టింది. ఇక బెజ్జాలు వేయాలి. వీడియోలో వాళ్ళ దగ్గర డ్రిల్లింగ్ మిషన్ ఉంది, వీళ్ళింట్లో లేదు. ఆమె లేచి లోపలికెళ్ళి, బీరువా అడుగునున్న కుట్టుపెట్టెలోంచి ఒక ఆరె తీసుకొచ్చింది. జానెడు పొడవు, చెక్కపిడి, పైన సూదిలాంటి ఇనుపమొన. పిడి మధ్య చోట బొటనవేలు ఆని ఆని గుంట పడింది. ఆ గుంట పర్సిస్ వేలికి పెద్దది.

"వాట్ ఈజ్ దట్?"

"కొబ్బరికాయ కన్ను పొడవడానికి," అంది పర్సిస్, తలెత్తకుండా.

ఇరవై ఏళ్ళలో భర్త నతానియేల్‌తో సహా ఎవరడిగినా ఆమె చెప్పింది ఆ మాటే. కొబ్బరికాయ కొట్టడానికి ముందు కన్ను పొడిచే ఇల్లు అమెరికాలో, ఈ ఆష్‌బర్న్ ఊళ్ళో వీళ్ళది ఒక్కటే కాబోలు. క్రిస్టినాకు తెలిసినంతవరకు, పుట్టకముందే పోయిన తాతకి బాపట్లలో ఏదో షాపుండేది. ఏం షాపని ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న రానీయకుండా చూసుకోవడమే పర్సిస్ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పెద్ద పని. ఫార్మసీ ఉద్యోగం దాని ముందు తేలిక.

బస్తా కిందనుంచి పలక తీసి క్రిస్టినా పాదం దాని మీద పెట్టించింది. ఎడమచేతి బొటనవేలితో పిల్ల వేళ్ళ సందు తడిమింది. టేపు పెట్టలేదు, పెన్సిలు గుర్తూ పెట్టలేదు. ఆరె మొన ఆనించి, అరచేత్తో పిడి నొక్కి తిప్పింది. పలక మూడు తిప్పులకు కిర్రుమంది, అయిదో తిప్పుకు మొన అవతలికి దిగింది. స్క్రూడ్రైవరుతో దాన్ని వెడల్పు చేసింది. బెజ్జం నడిమధ్యలో పడలేదు, బొటనవేలి వైపు జరిగి పడింది. రెండో పలకకు అదే దూరంలో ఇటుపక్క వేసింది. వెనకవైపు పట్టీ కొసలకు చెరో బెజ్జం పొడిచింది. పట్టీ లోపలికి దూర్చి, అడుగున కొసను రెండు పాయలుగా చీల్చి, ఒకదానిలోంచి ఒకటి తీసి మెలిపెట్టి బిగించింది. లాగినకొద్దీ బిగిసే ముడి అది. ఆ ముడి నేర్పమని ఎవరైనా అడిగినా ఆమె చెప్పగలిగేది కాదు. అది ఆమె వేళ్ళకు తెలుసు, నోటికి తెలియదు.

శనివారం నమ్రత ఇంటి గుమ్మం ముందు ఆరు కుటుంబాల బూట్లు గుట్టపడ్డాయి. లోపల తెల్లటి తివాసీ మీద తల్లులు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో వేడి జిగురు తుపాకులు రెండు, గుడ్డముక్కలు, ఎవరి చెప్పులు వాళ్ళవి. ఒకావిడ అట్టపెట్టె ముక్కలు దొంతరగా అతికించి తెచ్చింది, ఇంకొకావిడ యోగా చాప కోసి తెచ్చింది. నమ్రత చేసినవి చూడముచ్చటగా ఉన్నాయి. పలకకు నల్లరంగు పూసి, పూలు పూలున్న పట్టుగుడ్డతో పట్టీలు పెట్టింది. పట్టీ కొసలను అడుగున జిగురుతో అతికించేసింది.

పిల్లలు వేసుకుని లేచారు. నాలుగు అడుగులు వేశారో లేదో ఒకదాని పట్టీ ఊడింది, ఇంకోదాని దిమ్మ వంగింది. అరగంట గడిచేసరికి డాన్స్ చేస్తున్నది నిధి, క్రిస్టినా మాత్రమే. నిధి వేళ్ళు ముడుచుకుని కాళ్ళీడుస్తోంది. క్రిస్టినా మాత్రం ఇంటి చెప్పులేసుకున్నంత హాయిగా టకటకా తిరిగేస్తోంది. పర్సిస్‌కి లోపల సంతోషం వేసింది. వెంటనే భయం కూడా వేసింది.

నమ్రత ఆ చెప్పు తీసి తిరగేసి చూసింది. ముడిని గోటితో లాగి చూసింది, రాలేదు.

"ఇదేంటి పర్సిస్ గారూ, బెజ్జం పక్కకి పెట్టారు? వీడియోలో మధ్యలో కదా. వీటికి లెఫ్ట్, రైట్ ఉండవట."

"మధ్యలో ఉంటే వేళ్ళ సందు కోసుకుంటుందండీ. బొటనవేలి పక్కనుంటే నడక కుదురుతుంది."

మాట దొర్లిపోయింది. అంత ఖాయంగా చెప్పకుండా ఉండాల్సిందని అప్పుడు తోచింది. నమ్రత చెప్పును ఒకసారి, పర్సిస్ చేతులను ఒకసారి చూసింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఆ చూపు కొత్తేం కాదు. దాని వెనకే ఊరేది, ఇంటిపేరేంటి అని వరసగా ప్రశ్నలు వస్తాయి. వచ్చాయి కూడా. పర్సిస్ బాపట్ల అంది. బాపట్లలో ఎక్కడ అని నమ్రత, రైల్వే గేటు అవతల అని పర్సిస్.

"నాన్నగారు ఏం చేసేవారు?"

"చెప్పుల షాపు."

షాపని అబద్ధం కలిపినందుకు ఆమె నాలుక మీద చేదు తేలింది. బతికుండగా ఆయన చేసిన పనిని, పోయాక కూడా ఉన్నదున్నట్టు చెప్పని కూతురు తను. నమ్రత ఇంకేం అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

"అదీ సంగతి," అని నవ్వింది. "రక్తంలోనే ఉంది అయితే. మాకెక్కడ వస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళకు అది మెచ్చుకోలుగానే వినిపించింది. ఒకరిద్దరు నవ్వారు. కాసేపటికి ఎవరూ పెద్దగా ఏమీ అనకుండానే తీర్మానం జరిగిపోయింది. మిగతా నలుగురు పిల్లల జతలు పర్సిస్ చేసిపెడుతుంది, బెజ్జం మాత్రం మధ్యలో వేయాలి. నిధి జత బాగానే ఉంది కాబట్టి అదలాగే ఉంటుంది. జిగురు తుపాకులు ఆర్పేసి అందరూ టీలు తాగారు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే నమ్రత, "బుధవారానికి ఇచ్చెయ్ పర్సిస్, నీకిదెంతలో పని," అంది. పొద్దున వచ్చినప్పుడు "రండి పర్సిస్ గారూ" అన్న మనిషే.

అవి ఎంతలో పనో ఆ నాలుగు రోజులూ పర్సిస్‌కి తెలిసింది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఎనిమిది పలకలకు దిమ్మలు కట్టింది. ఒక్క బియ్యం బస్తా చాలక, నతానియేల్ బైసెప్స్ పెంచుకుందామని కొని గరాజ్‌లో పడేసిన ఇనుపగుండ్లు కూడా వాడింది. అతను డేటా సెంటర్‌లో షిఫ్టు చేసి వచ్చి టేబుల్ నిండా చెప్పులు చూసి, ఇవన్నీ మన అమ్మాయికేనా అని అడిగాడు. కాదంటే, మరి నువ్వెందుకు చేస్తున్నావన్నాడు. చేయలేనని చెప్పడానికి కారణం కావాలి. చేయగలదని అందరూ చూశాక ఏ కారణం చెబుతుంది.

సోమవారం, మంగళవారం పని నుంచి రాగానే బెజ్జాలు వేసింది. నడిమధ్యలోనే వేసింది, టేపు పెట్టి కొలిచి మరీ. ఆరె పిడి గుచ్చుకుని అరచేతిలో పొక్కు లేచింది. కౌంటర్ దగ్గర మాత్రల సీసా మూత తిప్పినప్పుడల్లా ఆ పొక్కు మండింది. కౌంటర్ ముందున్న వాళ్ళెవరూ ఆ చేతిని చూడలేదు, మందులు తీసుకుని వెళ్ళిపోయారు.

బెజ్జం వేస్తున్నంతసేపూ ఆమెకు తండ్రి చేతులు కాదు, ఎదుటివాళ్ళ కాళ్ళు గుర్తొచ్చేవి. గోనెపట్టా మీద తండ్రి పక్కన కూర్చున్న పిల్లకు కనబడేవి కాళ్ళే కదా. వాళ్ళు తెగిన చెప్పును వంగి తీసి ఇచ్చేవారు కాదు. కాలినుంచి విదిల్చి, వేళ్ళకొసతో ముందుకు తోసేవారు. అది దొర్లుకుంటూ వచ్చి ఆయన మోకాలికి తగిలి ఆగేది. ఆయన దుమ్ము దులిపి, కుట్టి, మైనం రాసి, రెండు చేతులతో పట్టుకుని పైకి అందించేవాడు. కింద పెట్టవయ్యా అనేవాళ్ళు. పెట్టేవాడు. మళ్ళీ ఇంకొకరు వస్తే మళ్ళీ రెండు చేతులతో అందించేవాడు. ఆయనకు బుద్ధి రాదా అని ఆ పిల్లకు కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీద ఉండాల్సిందో తెలిసేసరికి ఆమెకు నలభై నాలుగేళ్ళు వచ్చాయి.

బుధవారం సాయంత్రం నాలుగు జతలూ అట్టపెట్టెలో పెట్టుకుని నమ్రత ఇంటికెళ్ళింది. బెల్లు కొడితే గుమ్మం తలుపు తెరుచుకోలేదు, పక్కన గరాజ్ తలుపు పైకి లేచింది. నమ్రత లోపలనుంచే పలకరించి, జిగురు వాసనంటే తనకు తలనొప్పని, పెట్టెను చెత్తడబ్బాల పక్కనున్న బల్ల మీద పెట్టెయ్యమని చెప్పింది. నిజంగానే తలనొప్పేమో. శనివారం జిగురు తెల్ల తివాసీ మీదే వేడివేడిగా పొగలు కక్కింది మరి. పర్సిస్ పెట్టె పెట్టేసి కారెక్కింది. గట్టిగా కోపం తెచ్చుకుందామంటే ఏదీ చేతికి దొరకదు, ప్రతిదానికీ ఒక మర్యాదైన కారణం ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి క్రిస్టినా ముఖం ముడుచుకుని కూర్చుంది. అందరివీ ఒకలా ఉండి తనవి మాత్రం వేరుగా ఉన్నాయట. నిధి చూసి, నీవి చప్పల్స్ లాగా ఉన్నాయి, గెటాలాగా లేవు అందట. తనవి కూడా మధ్యకి మార్చమంది. పర్సిస్ సరే శుక్రవారంలోపు మారుస్తానంది. గురువారం ఫార్మసీలో ఇద్దరు రాలేదు, ఆమె రెండు షిఫ్టులూ నిలబడింది. మార్చడం కాలేదు.

శుక్రవారం సాయంత్రం స్కూలు ఆడిటోరియం వెనక వరండా అంతా పిల్లలూ తల్లులే. కిమోనోలు, పంజాబీ భంగ్రా తలపాగాలు, ఐరిష్ గౌన్లు అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. జపాను డాన్స్ నాలుగో అంశం. పర్సిస్ గోడవారగా నేలమీద కూర్చుని పిల్లల పట్టీలు సరిచేస్తోంది. ఫార్మసీ యూనిఫాం మీదే వచ్చేసింది. ఆరె, ఎర్రగుడ్డ పీలికలు ముందుజాగ్రత్తగా హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కాలు చాపుతున్నారు, ఆమె వేలు దూర్చి చూసి పొమ్మంటోంది. క్రిస్టినా పక్కనే నిలబడి ఉంది. కాళ్ళకు తన పక్కబెజ్జం జతే ఉంది. తల్లితో మాట్లాడటం లేదు.

రెండో అంశం నడుస్తుండగా నిధి కెవ్వుమంది. కుడికాలి పట్టుపట్టీ ముందువైపు జిగురుతో సహా ఊడొచ్చింది. నిధి అందులోంచి కాలు తీసేసి ఒంటికాలి మీద నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాటుక కారిపోతుందని తుడుచుకోవడానికి భయపడుతోంది. నమ్రత ఎవరికో ఫోనులో స్టేజి దగ్గరికి రమ్మని చెబుతూ ఇటు తిరిగింది. ఒక చేతిలో ఫోను. రెండో చేయి ఖాళీగానే ఉంది. తెగిన చెప్పును ఎత్తుమడమ బూటు కొసతో ముందుకు తోసింది.

"పర్సిస్, ఇదొక్కటి చూడు త్వరగా."

మైనం పూసిన నున్నటి నేల అది. చెప్పు జర్రున జారుకుంటూ వచ్చి పర్సిస్ మోకాలికి తగిలి ఆగింది.

పర్సిస్ దాన్ని చూసింది. చేయి దానంతటదే కదిలి దగ్గరదాకా వెళ్ళింది కూడా. తలెత్తితే క్రిస్టినా కనబడింది. ఆ పిల్ల చెప్పును చూస్తోంది, నమ్రత బూటును చూస్తోంది, తల్లి చేతిని చూస్తోంది. ఏం జరిగిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. అచ్చం గోనెపట్టా మీద కూర్చున్న పిల్ల ముఖమే. పర్సిస్ చేయి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"చేతికివ్వండి," అంది.

నమ్రతకు వినబడలేదేమో, ఏంటి అంది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"చెప్పు చేతికివ్వండి. కుడతాను."

కోపంగా అనలేదు. అంత ఓపిక ఆమెకు లేదు. కౌంటర్ దగ్గర కార్డు ఇవ్వండి అన్నట్టే అంది. నమ్రత నవ్వబోయింది, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగింది. మూడో అంశం మొదలైనట్టు లోపల డప్పులు మోగాయి. నిధి ఒంటికాలి మీద ఊగుతూ, "మామ్, ప్లీజ్, ఇచ్చెయ్," అంది. నమ్రత మెడ ఎర్రబడింది. ఫోను పెట్టేసింది. చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో పట్టుకుని, నడుం వంచి, పర్సిస్ మోకాలి దగ్గరున్న చెప్పును తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తీసుకోండి," అంది, ఎటో చూస్తూ.

పర్సిస్ తీసుకుంది. ఎండిన జిగురు గోటితో గీకేసి, బ్యాగులోంచి ఆరె తీసింది. పట్టుపట్టీ కొసకు ఎర్రగుడ్డ పీలిక జత చేసి, బెజ్జంలోంచి దింపి, అడుగున రెండు పాయలు చీల్చి మెలిపెట్టి బిగించింది. నిధి ఏడుపు మరిచిపోయి వంగి చూస్తోంది.

"ఆంటీ, వేర్ డిడ్ యూ లెర్న్ దిస్?"

"మా నాన్న దగ్గర. బాపట్ల రైల్వే గేటు పక్కన కూర్చుని చెప్పులు కుట్టేవాడు. ఈ ఆరె ఆయనదే."

చుట్టూ ఉన్న తల్లులు విన్నారు. ఒకావిడ జడపిన్ను వెతుక్కోసాగింది, ఇంకొకావిడ పర్సిస్ వైపు చూసి చిన్నగా తలాడించింది. నిధి "కూల్" అని కాలు దూర్చి, రెండుసార్లు నేలకేసి టకటకలాడించి, స్టేజి వైపు పరుగెత్తింది. అంతే. ఇరవై ఏళ్ళు దాచిన మాట అరనిమిషంలో అయిపోయింది. ఇంత చిన్నదాన్నా ఇంతకాలం మోసింది అనుకుంటే పర్సిస్‌కి ఏడుపొచ్చింది. ఏడవలేదు, గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుంది.

డాన్స్ ఆమె చూడలేదు. లేవబుద్ధి కాలేదు. పన్నెండు చెక్క చెప్పుల చప్పుడు తలుపు అవతలనుంచి వినిపించింది, మొదట చిందరవందరగా, తర్వాత ఒక్కటిగా. ఏ పట్టీ ఊడిన అలికిడీ రాలేదు. ఆ తర్వాత చప్పట్లు.

పిల్లలు బిలబిలమంటూ వరండాలోకి వచ్చి చెప్పులు ఎక్కడివక్కడ విదిల్చేశారు. అయిదు జతలు కలిసిపోయి ఏది ఎవరిదో, ఏది ఏ కాలిదో తెలియకుండా పడ్డాయి. వేళ్ళ సందులు ఎర్రగా కందిపోయాయని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. క్రిస్టినా మాత్రం ఇంకా విప్పలేదు. టకటకా నడుచుకుంటూ తల్లి దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, దట్స్ నాట్ ఫర్ కోకోనట్స్."

"కాదు."

పర్సిస్ ఆ పిల్ల కాళ్ళ వైపు చూసింది. రేపు శనివారం, సెలవు, బెజ్జం మధ్యకి మార్చిపెడతానంది. క్రిస్టినా తల అడ్డంగా ఊపింది. గోడ పట్టుకుని ముందు ఎడమది విప్పి పక్కన పెట్టింది. తర్వాత కుడిది విప్పి, కిందికి వంగి తీసుకుంది. దాని అడుగున అంటుకున్న దుమ్మును కిమోనో చేతితో తుడిచింది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులతో అందించింది.

"రైట్‌ది కొంచెం లూజ్ అయింది," అంది. "తాతయ్య ఎలా టైట్ చేసేవాడు?"